పూతలపట్టు నుంచి చిత్తూరుకు ఏడు బావుల మీదుగా

తిరుపతి నుంచి చిత్తూరుకు పోవాలంటే తీరిక ఉన్నవాళ్ళు పాకాల మీదుగా రైలెక్కుతారు, ఓర్పు ఉన్నవాళ్ళు బస్సెక్కుతారు. నాకు ఆ రెండూ లేవు. అయినా మొన్న వైశాఖంలో సగానికి పైగా బస్సులోనూ, చివరి తొమ్మిది మైళ్ళూ కాలినడకనా, దారిలోని బావుల్లోకి తొంగిచూసుకుంటూ చిత్తూరు చేరాను. ఇది సరదాకి చేసిన ప్రయాణం కాదు. పూతలపట్టు దగ్గర పల్లెలో ఉండే మా అక్క మునెమ్మను ఆదివారం పొద్దున ఒక కుక్క చేతి మీద కరిచింది. మర్నాటికల్లా ఆ కుక్క నురగలు కక్కుకుంటూ వీధిలోనే పడి చచ్చింది. మా బావ కోలారు బంగారు గనుల్లో పనిచేస్తాడు. కబురు అందుకుని ఆయన ఇల్లు చేరాలంటే ఎంత లేదన్నా నాలుగైదు రోజులు పడుతుంది. అందుకని అక్క పక్కింటివాళ్ళు తిరుపతి బస్సు డ్రైవరుతో నాకు కబురంపారు. అది నాకు మంగళవారం సాయంత్రానికి గానీ అందలేదు.

మా పక్క వాటాలో ఒక కాంపౌండరు ఉంటాడు. వెంటనే ఆయన్ని అడిగాను. ఆయన చేతిలో కాఫీ గ్లాసు పక్కన పెట్టేసి, "ఇప్పటికే తడవైంది సామీ. చిత్తూరు పెద్దాసుపత్రిలో కూనూరు నుంచి వచ్చే మందు ఉండాది. పొట్టకు పద్నాలుగు సూదులు, దినానికి వొగటి. ఈ జబ్బు బయటపడినాక దానికి ప్రపంచంలో మందు లేదు. కాలికి కరిసింటే కొంచెం ఆగొచ్చు, చేతికి కరిస్తే ఆగేదానికి లేదు. రేపు సాయంత్రం అయిదులోపల మొదటి సూది పడల్ల. అయిదుకు ఆ గది మూసేస్తారు," అన్నాడు. ఆయన ఎప్పుడూ నవ్వుతూ మాట్లాడే మనిషి. ఆ రోజు నవ్వలేదు.

బుధవారం ఉదయం ఆరు గంటల బస్సుకు బయలుదేరాను. పూతలపట్టుకు టిక్కెట్టు రూపాయి పావలా. ఈ యుద్ధం రోజుల్లో పెట్రోలు దొరకదు కనుక బస్సులన్నీ బొగ్గుతోనే నడుస్తున్నాయి. వెనకాల నిలబెట్టిన పీపాలో బొగ్గు రాజేసి, చక్రం తిప్పి గాలి కొట్టి, ఆ పొగతోనే ఇంజను నడుపుతారు. ఈ దారిన పోయేవాళ్ళు తెల్ల బట్టలు వేసుకోకండి, వెనక సీట్లో అసలు కూర్చోకండి. చంద్రగిరి దాటాక ఒకసారి, కాశిపెంట్ల దగ్గర ఇంకోసారి బస్సు ఆగింది. రెండోసారి డ్రైవరు దిగి ఇనుప చువ్వతో బూడిద దులుపుతుంటే, నేను కూడా దిగి ఎంతసేపని అడిగాను. నా తొందరకు కారణం తెలిశాక ఆయన చువ్వ పట్టుకునే నిలబడిపోయాడు.

"పిచ్చి కుక్కా? అయితే చెంగప్ప కాడికి పోండి సామీ. ఆయప్ప ఏడు బాయిలు సూపిస్తే చాలు. ఆయన సూపించినోళ్ళలో ఒగరు గూడా సచ్చినట్ల నేను ఇన్లేదు," అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. నేను సర్వే ఆఫీసులో పటాలు గీసే గుమస్తాని. గొలుసుతో కొలవనిదీ, కాగితం మీద పెట్టలేనిదీ ఏదీ నేను నమ్మను. బూడిద తొందరగా దులపమని మాత్రం చెప్పి నా చోటికి పోయి కూర్చున్నాను. గాదంకి వచ్చింది, కొత్తకోట వచ్చింది. పూతలపట్టు కూడలిలో దిగేసరికి తొమ్మిది దాటింది. కూడలి నుంచి చిత్తూరు వైపు మైలున్నర నడిస్తే మా అక్క ఊరు వస్తుంది. ఎండ అప్పటికే నడినెత్తి మీద పడ్డట్టుంది.

అక్క అరుగు మీద కూర్చుని ఉంది. కుడి చేతికి సున్నమూ మిరపపొడీ కలిపి పట్టు వేశారు. ముఖం పీక్కుపోయింది. నన్ను చూడగానే ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "వొచ్చినావా చంద్రా, నువ్వు రాకుండా మొదలుపెట్టేది వొద్దని కూసున్న్యా," అంది. ఆమె పక్కన కింది మెట్టు మీద ఒక ముసలాయన గొంతుకూర్చుని ఉన్నాడు. సన్నటి మనిషి, నెరిసిన గడ్డం, భుజాన ఎర్ర తువ్వాలు. ఆయనే చెంగప్ప.

ఈ బావులు చూపించడమంటే ఏమిటో తెలియనివాళ్ళ కోసం చెబుతాను. పిచ్చికుక్క కరిచిన మనిషి ఒకే పగటిలో, ఏమీ తినకుండా, బండెక్కకుండా, కాలినడకన ఏడు బావుల దగ్గరికి పోయి నీళ్ళలోకి చూడాలి. మంత్రగాడు పక్కన నిలబడి పెదవులు కదుపుతుంటాడు. ఏడు బావుల్లోనూ తన ముఖం తనకు కనిపిస్తే విషం దిగిపోయినట్టు. ఏ ఒక్క బావిలోనైనా తన ముఖానికి బదులు కుక్క ముఖం కనిపిస్తే ఇక ఆ మనిషి మీద ఆశ వదులుకోవాల్సిందే. ఇది చెంగప్ప కల్పించింది కాదు. పాళెగాళ్ళ కాలంలో, వాళ్ళ వేటకుక్కలు కరిచిన జనానికి బావులు చూపించడానికని చెంగప్ప ముత్తాతల తాతకు ఇంత మాన్యం కూడా ఇచ్చారట.

"చిత్తూరుకు పోదాం లే అక్కా. సూది వేయించుకుందువు," అన్నాను.

"ఏడు బాయిలూ సూసినాక యాడికి రమ్మంటే ఆడికి వస్తా. వొగటి తక్కువైనా కదల్ను."

"నీళ్ళలో ముఖం చూసుకుంటే పిచ్చి తగ్గుతుందా? అద్దంలో రోజూ చూసుకుంటున్నావు కదా!"

అక్క నా వైపు అసహ్యంగా చూసింది. చెంగప్ప మాత్రం నా మాట వినిపించనట్టు, తీరిగ్గా నియమాలు చెప్పసాగాడు. ఏడో బావి చూశాక పద్నాలుగు రోజులు ఆ బావి నీళ్ళే తాగాలి, ఆ బావి ఉన్న చోటు వదిలి పోకూడదు. ఈ మాట వినగానే నాకు కోపం ముంచుకొచ్చింది. ఏడో బావి ఏ పొలంలోనో పడితే అక్కను అక్కడి నుంచి కదిలించడం నా వల్ల కాదు. పద్నాలుగు రోజులు సూది లేకుండా గడిచిపోతాయి. అంత కోపంలో ఇంకేమీ ఆలోచించే బుద్ధి నాకు లేకపోయింది.

అప్పుడు నాకు ఒక ఉపాయం తట్టింది. నా సంచిలో తాలూకా పటం నకలు ఒకటి ఉంది. నేనే గీసింది. అందులో ప్రతి బావికీ ఒక చిన్న సున్న ఉంటుంది. దాన్ని అరుగు మీద పరిచి, చిత్తూరు రోడ్డుకు దగ్గరగా ఉన్న బావుల్ని పెన్సిలుతో కలిపాను. "మీకు కావలసింది బావులే కదా పెద్దాయనా. ఈ దారిలోనే బోలెడున్నాయి. ఇక్కడి నుంచి మొదలుపెట్టి చిత్తూరులో ముగిద్దాం," అన్నాను.

చెంగప్ప పటం వైపు చాలాసేపు చూశాడు. "ఆరు బాయిలు నీ కాగితం ప్రకారమే పోదాం నాయనా. ఏడోది మాత్రం నేను సూపిస్తా."

"ఏడోది ఎక్కడుంది?"

"ఆరోది సూడకముందు ఏడోదాని పేరు సెప్పగూడదు."

నేను గడియారం చూసుకున్నాను. పది గంటలు. అయిదు గంటలకు గది మూస్తారు. ఆరు బావులూ తొమ్మిది మైళ్ళూ అయ్యాక ఈ ముసలాయన ఏడో బావి కోసమని మళ్ళీ ఊరి వైపు తిప్పితే ఏం చేయాలో నాకు తోచలేదు. కొట్లాడే సమయం కూడా లేదు. బయలుదేరాం.

మొదటి బావి ఊరి బయట కపిల తోలే బావి. ఎద్దుల్ని ఆపి, రైతు పక్కకు జరిగాడు. ఎండాకాలం కనుక నీళ్ళు బాగా లోతుకు పోయాయి. అక్క అంచు మీద బోర్లా వంగితే నేను నడుం పట్టుకున్నాను. ఆమె ఒళ్ళంతా వణుకుతోంది. నాకు ఆ క్షణం దాకా ఆమె భయం ఎంతటిదో తెలియలేదు. ఈమె వైద్యానికి రాలేదు, తీర్పు వినడానికి వచ్చింది. కాసేపటికి "కనపడింది" అంది. చెంగప్ప తువ్వాలుకు ఒక ముడి వేశాడు. రెండోది పావుతక్కువ పదకొండుకు, చింతతోపు వెనకాల. అక్కడా ముఖం కనిపించింది. నా పటం ప్రకారమే జరుగుతోందని నాకు కొంచెం గర్వం కూడా వేసింది.

ఆ గర్వం అరగంట కూడా నిలవలేదు. పటంలో మూడోదిగా నేను పెట్టుకున్న బావి కోసం రోడ్డు వదిలి, పొలాల గెనాల మీద నాలుగు ఫర్లాంగులు పోతే అక్కడ జిల్లేడు మొక్కలు మొలిచిన గొయ్యి ఉంది. నీటి చుక్క లేదు. దాని తర్వాత గుర్తు పెట్టిన బావిలో అడుగున బురద, అందులో ఒక గేదె. అక్కడికీ ఇక్కడికీ తిరిగేసరికి గంటకు పైగా పోయింది. నేను ఆ పటం గీసినప్పుడు బావి ఉందా లేదా అన్నదే అడిగారు గానీ, వైశాఖంలో అందులో నీళ్ళుంటాయా అని ఎవరూ అడగలేదు. చెంగప్ప నన్ను ఒక్క మాట కూడా అనలేదు. "ఈ పక్క మామిడితోపులో వొగటి ఉండాది, దాంట్లో నీళ్ళు ఆరవు," అని దారి తీశాడు. ఆయన వెనకే తలొంచుకుని నడిచాను. మూడో ముడి పడేసరికి పన్నెండున్నర దాటింది.

రోడ్డెక్కే చోట ఒక అవ్వ తాటాకు పందిరి కింద రాగి అంబలి అమ్ముతోంది. అర్ధణాకు పెద్ద ముంత నిండా, నంజుకోవడానికి ఉప్పు మిరపకాయ. ఈ దారిన నడిచేవాళ్ళకు ఇంతకంటే మంచి భోజనం దొరకదు. నేను తాగనన్నాను. అక్క ముందు ఎలా తాగను? అవ్వ అక్క చేతి కట్టు చూసింది, చెంగప్పను చూసింది. ఏమీ అడగకుండానే, "నువ్వు తాగు నాయనా. ఆ బిడ్డను పట్టుకోవల్సింది నువ్వే గదా," అని ముంత నా చేతిలో పెట్టింది. అక్క వేరే వైపు తిరిగి కూర్చుంటే గబగబా తాగేశాను. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గుగానే ఉంటుంది.

నాలుగో బావి దగ్గర జరిగింది రాయడానికి నాకు ఇష్టం లేదు, కానీ రాయాలి. అది మెట్లున్న దిగుడు బావి. ఎండకు తాళలేక అక్క కొంగు నెత్తిన కప్పుకుంది. మెట్లు దిగి ఇద్దరం నీళ్ళ మీదికి వంగాం. సరిగ్గా అప్పుడే ఏ కప్పో దూకింది. నీళ్ళు చెదిరాయి. అక్క గొంతు చించుకుని అరిచింది. "చెవులు! చెవులురా చంద్రా, కుక్క చెవులు!" నేను కూడా చూశాను. అబద్ధం ఎందుకు చెప్పాలి? నల్లటి నీళ్ళలో రెండు చెవులు నిక్కి ఉన్నాయి. గొలుసుతో కొలవనిది నమ్మనన్నవాణ్ణి ఆ రెండు చెవులనూ క్షణం పాటు నమ్మాను.

అక్క మెట్ల మీదే కూలబడి తల బాదుకోసాగింది. ఆమె పెద్ద కొడుకుకు నాలుగేళ్ళు, పిల్లల్ని పక్కింట్లో వదిలి వచ్చింది. వాడి పేరు పెట్టి ఏడుస్తోంది. ఇప్పుడు ఆసుపత్రి మాట ఎత్తినా చెవికెక్కదని నాకు తెలుస్తూనే ఉంది. చచ్చిపోయానని నిశ్చయించుకున్న మనిషిని ఏ సూదీ లేపలేదు. చెంగప్ప కంగారు పడలేదు. మెల్లగా దిగివచ్చి, ఆమె నెత్తి మీది కొంగును రెండు వేళ్ళతో కిందికి లాగాడు. గాలికి నిలబడ్డ ఆ రెండు మడతలూ భుజం మీదికి జారాయి.

"నీళ్ళు నిలిచినాక సూసిందే లెక్క తల్లీ. కదిలే నీళ్ళలో దేవుడు గూడా దయ్యంమాదిరే కనిపిస్తాడు."

"నేను సూడను. సూడలేను తాతా."

"సూడొద్దులే. కూసో. నీళ్ళు గూడా కూసుంటాయి."

అక్కడే అరగంట కూర్చున్నాం. నేను జేబులోని గడియారం తీయకుండా ఉండటానికి నా చేతిని నేనే పట్టుకున్నాను. చివరికి అక్క తనంతట తానే లేచి, కొంగు నడుముకు చుట్టుకుని, వంగి చూసింది. చాలాసేపు చూసింది. "నేనే," అంది. ఆ మాట విన్నాకే గడియారం బయటికి తీశాను. అప్పటికి రెండున్నర.

అయిదోది రోడ్డు పక్కనే కొబ్బరితోటలో ఉండటం వల్ల తొందరగానే అయిపోయింది. ఆరోది చిత్తూరు పొలిమేరలో, ఒక వీధి చివర, నా పటంలో నిక్షేపంగా ఉంది. నిజంగానూ ఉంది. నిండుగా నీళ్ళున్నాయి. అక్కడికి చేరేటప్పటికి నాలుగు కావస్తోంది. అక్క అంచు దగ్గరికి పోగానే బిందె పెట్టుకుని నిలబడ్డ ఒక ఇల్లాలు ఆమెకు అడ్డం వచ్చింది.

"యాడికి? సేతికి ఏమైంది? కుక్క కరిసిందా?"

చెంగప్ప అవునన్నాడు.

"అయితే ఈ బాయిలో తొంగి సూడొద్దు. మా బిడ్డలు తాగే నీళ్ళు ఇవి. పిచ్చికుక్క కరిసిన మనిసి నీడ పడితే ఆ నీళ్ళు మేమెట్ల తాగేది?"

నేను ఊరుకోలేకపోయాను. చదువు లేదని, మూఢత్వమని, మనిషి ప్రాణం కంటే బావి ఎక్కువా అని నోటికొచ్చినట్టు అరిచాను. వీధిలో తలుపులు తెరుచుకున్నాయి. ఇద్దరు మగవాళ్ళు కర్రలు పట్టుకుని వచ్చారు. ఒకడు నా చొక్కా పట్టుకున్నాడు. అక్క ఇద్దరి మధ్యలోకి దూరి, "పోదాం రా, పోదాం రా," అని నన్ను లాగుతోంది. అప్పుడు చెంగప్ప ఆ ఇల్లాలికి చేతులు జోడించాడు. "తప్పు మాదేనమ్మా, మన్నించు," అని మమ్మల్ని ఇద్దరినీ వీధి దాటించాడు.

"మీరెందుకు దండం పెట్టారు? తప్పు ఆమెది కదా," అన్నాను.

"ఆమెది తప్పు గాదు నాయనా. దారిలో నేను సూపించే బాయిలన్నీ కపిల బాయిలు, తోట బాయిలు. జనం తాగేటివి గాదు. పూర్వం నించి అట్లనే సేస్తా ఉండాం. నీ కాగితంలో అది రాసుండరు."

నాలుగుంపావు అయింది. ఆరో బావి లేకుండా అక్క ఏడో బావికి రాదు. నా మాట వినే ఊరు కాదిది. ఆసుపత్రి ఇంకా మైలు దూరంలో ఉంది. నేను రోడ్డు పక్కన నిలబడి, పటాన్ని నలిపి కాలవలోకి విసిరాను. ఆఫీసు కాగితాన్ని అలా పారేయడం నా జన్మలో అదే మొదటిసారి. చెంగప్ప అదేమీ చూడనట్టు ఎడమ పక్క సందులోకి తిరిగాడు. అక్కడ చాకలివాళ్ళు బట్టలు ఉతకడానికి తవ్వుకున్న చతురస్రపు గుంత ఒకటుంది. నీళ్ళలో నీలిమందు కలిసి ఉంది.

"ఇది బాయేనా తాతా?" అని అక్క అడిగింది.

"అడుగు నించి నీళ్ళు ఊరితే బాయే. సూడు."

అక్క వంగి చూసి, "కనపడింది, నీలంగా ఉండాది నా మొగం," అంది. అక్కడున్న చాకలామె ఆ మాట విని నవ్వింది. పొద్దుటి నుంచి ఎవరైనా నవ్వడం అదే మొదలు. ఆరో ముడి పడింది.

ఇక ఏడోది. నేను చెంగప్ప పక్కకు పోయి, అక్కకు వినపడకుండా, "దండం పెడతాను పెద్దాయనా, వెనక్కు మాత్రం తిప్పకండి," అని బతిమాలుకున్నాను. ఆయన పెద్ద వీధి పట్టుకుని నేరుగా నడిచాడు. అంగళ్ళు దాటాడు. కూడలి దాటాడు. ఒక పెద్ద గేటులోంచి లోపలికి పోయాడు. నేను తల ఎత్తి చూస్తే అది ఆసుపత్రి. గేటు దాటగానే ఎడమ చేతి పక్కన గిలక ఉన్న పెద్ద బావి. దాని చుట్టూ రోగుల బంధువులు చెంబులు తోముకుంటున్నారు. వాళ్ళలో ఎవరూ మమ్మల్ని అడ్డుకోలేదు.

అక్క వంగింది. మిగతా ఆరింటికంటే తొందరగా తల ఎత్తింది. "కనపడింది," అంది. చెంగప్ప ఏడో ముడి వేసి, తువ్వాలు ఆమె మెడలో కప్పాడు. "ఇంగ పద్నాలుగు దినాలు ఈ నీళ్ళే తాగల్ల. ఈ గోడ దాటి పోగూడదు. ఈ లోపల డాక్టరు ఏం సేయమన్నా కాదనగూడదు," అన్నాడు. నాలుగూ నలభై అయిదుకు నర్సు అక్కను లోపలికి పిలిచింది. పద్నాలుగు సూదులు, పద్నాలుగు దినాలు. ముందు రోజు సాయంత్రం నుంచి నా చెవిలో పడుతున్న లెక్క అప్పుడు గానీ నా బుర్రకెక్కలేదు.

బావి గట్టు మీద చెంగప్ప పక్కన కూర్చున్నాను. ఉదయం నుంచి ఆయన మీద పెంచుకున్న కోపమంతా ఎటు పోయిందో తెలియలేదు. "మీ ఏడో బావి ఎప్పుడూ ఇదేనా?" అని అడిగాను.

"పన్నెండేండ్ల నించి ఇదే. అంతకుముందు మా ఊరి తోటలో ఉండేది." కాళ్ళ దుమ్ము దులుపుకున్నాడు. "నాకు వొగతే కూతురు. కుక్క కరిసింది. ఏడు బాయిలూ నేనే సూపించినా. ఏడింట్లోనూ దాని మొగమే కనిపించింది నాయనా. శానా సంతోషపడినా. నలబై దినాలకు నీళ్ళు సూస్తే భయపడడం మొదలుపెట్టింది. మూడు దినాల్లో పాయె."

"అయితే బావులతో పనిలేదు, నేరుగా సూదికి పొండని మీరే అందరికీ చెప్పొచ్చు కదా?"

"సెప్తే నా కాడికి రారు. ఇంగొకని కాడికి పోతారు. ఆయప్ప ఏడో బాయి ఈడ ఉండదు గదా."

ఆయన లేచి, మొహం కడుక్కుని, వచ్చిన దారినే నడిచి వెళ్ళిపోయాడు. బస్సు చార్జీ ఇస్తానంటే వద్దన్నాడు.

పద్నాలుగు రోజులు సెలవు పెట్టి అక్కడే ఉన్నాను. ఆవరణలో రోగుల తరపువాళ్ళు వండుకోవడానికి రాళ్ళ పొయ్యిలున్నాయి. బియ్యం, చాప, రెండు గిన్నెలు తెచ్చుకుంటే చాలు. వండుకోలేని వాళ్ళకు గేటు ఎదుట పూటకూళ్ళ ఇంట్లో అయిదణాలకు భోజనం. మూడో సూదికే నొప్పికి తాళలేక కొందరు చెప్పకుండా ఇంటికి వెళ్ళిపోయేవారు. అక్క పొట్ట కదుములు కట్టి వాచిపోయింది, రాత్రిళ్ళు పక్కకు ఒరగలేకపోయేది. అయినా ఒక్కరోజు కూడా వద్దనలేదు. చెంగప్ప మాట మీద ఎంత నమ్మకమో అనుకున్నాను. పద్నాలుగో సూది అయిన రోజు మధ్యాహ్నం మూట సర్దుతుంటే ఆమే ఆ మాట ఎత్తింది.

"ఒరే చంద్రా, తాతకు సెప్పొద్దు గానీ, ఈ బాయిలో నేను ఏమీ సూళ్ళేదురా."

"అదేమిటి? కనిపించిందన్నావు కదా?"

"కండ్లు మూసుకున్న్యా. ఆరు బాయిలు సూసేసరికి ఇంగ నా పానం సోలిపోయింది. కుక్క కనపడితే మీ ఇద్దరి మొగాలు ఎట్ల సూసేదో అని భయమేసింది. కనపడిందని అబద్ధం సెప్పేసినా." చాప చుట్టడం ఆపి నా వైపు చూసింది. "నిజంగా నా మొగం సూసుంటే మూడో సూదికే ఇంటికి పోతాంటిరా. దాంట్లో ఏముండిందో తెలీకనే పద్నాలుగూ పొడిపించుకున్న్యా."

మిగతా చాప నేనే చుట్టాను. ఆ సాయంత్రం బస్సులో ఇంటికి తీసుకుపోయి దిగబెట్టాను. ఇప్పుడు రెండు నెలలు గడిచాయి. అక్క బాగానే ఉంది. నిన్న ఉత్తరం రాయించింది. గనిలో సెలవు దొరికాక బావ కూడా వచ్చి వెళ్ళాడట. నేను మళ్ళీ ఆఫీసులో కూర్చుని పటాలు గీస్తున్నాను. బావి గుర్తు పెట్టాల్సి వచ్చిన ప్రతిసారీ చెయ్యి ఒక క్షణం ఆగుతుంది. మంత్రం మీద నాకు నమ్మకం కుదిరిందా అంటే కుదరలేదు. ఆమెను బతికించింది కూనూరు మందే. ఆ మందు దగ్గరికి ఆమెను నడిపించింది నా చదువు కాదు, నా పటం కాదు. నమ్మకం పోయిన ఒక మంత్రగాడూ, నమ్మడానికి ధైర్యం చాలని మా అక్కా కలిసి ఆ పని చేశారు. ఆ రోజంతా నేను మధ్యలో అరుస్తూ తిరిగాను, అంతే.

ఈ దారిన ఇలాంటి పని మీద వెళ్ళాల్సిన వాళ్ళకు ఒక సలహా. కరిచిన రోజే తొలి బస్సుకు బయలుదేరండి. సాయంత్రం అయిదులోపల చేరండి. మీతో వచ్చే మనిషి బావులు చూస్తే గానీ రానంటే వాదించి పొద్దు పోగొట్టుకోకండి. నీళ్ళున్న తోట బావులు ఆరు దారిలో చూపించండి. ఏడోది ఆసుపత్రి గేటు దాటగానే ఎడమ చేతి పక్కన ఉంది. అక్కడ వాళ్ళు కళ్ళు మూసుకున్నా మీరేమీ అనకండి.